మొదటి టెన్నిస్ రాకెట్: ఫ్రేముకెంత, తీగలకెంత?

టెన్నిస్ రాకెట్ మెడ లోపలి వైపు సన్నటి అక్షరాలతో నాలుగైదు అంకెలు అచ్చువేసి ఉంటాయి. 645 చదరపు సెంటీమీటర్లు, 300 గ్రాములు, 16×19, 50–59 పౌండ్లు. పిడి అడుగున ఇంకో అంకె: 2 లేదా 3. కొత్తగా ఆట మొదలుపెట్టేవాళ్ళలో వీటిని చదివేవాళ్ళు తక్కువ. రంగు చూస్తారు, ఇది ఎవరు వాడేదని అడుగుతారు, ధర విని ఒక మెట్టు దిగుతారు. అమ్మేవాడు కూడా "బిగినరా సార్? అయితే ఇది తీసుకోండి, లైట్ వెయిట్" అని చేతిలో పెడతాడు. ఆ లైట్ వెయిట్ దగ్గరే సగం చిక్కుంది.

మొదటి రాకెట్ ఎలాంటిది కొనాలన్న దాని మీద యాభై ఏళ్ళుగా కోచ్‌లూ, కంపెనీలూ, ఫిజిక్స్ ప్రొఫెసర్లూ, ఎముకల డాక్టర్లూ తలో మాటా చెబుతున్నారు. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందొకటే. ఫ్రేము విషయంలో కొత్తవాడు రెండు కొసలకూ పోకుండా మధ్యలో ఏది కొన్నా ఫరవాలేదు. తేడా ఎక్కువగా తెలిసేది పిడి దగ్గర, తీగల దగ్గర. అంటే తక్కువ ఖర్చుతో సరిచేసుకోగలిగిన చోట. మనం మాత్రం డబ్బంతా ఫ్రేముకే పోసి, అందులో ఏం తీగలున్నాయో కూడా అడక్కుండా ఇంటికి వచ్చేస్తాం.

చెక్క రాకెట్ల కాలంలో ఈ బెడద లేదు. అన్నీ ఒకే మోస్తరు: తల వైశాల్యం 65–70 చదరపు అంగుళాలు, బరువు 370 గ్రాముల పైమాటే. బంతి నడిమధ్య తగిలితే తగిలినట్టు, లేకపోతే రాకెట్ చేతిలో గిర్రున తిరిగేది. దీన్ని మార్చినవాడు గొప్ప ఆటగాడేమీ కాదు, ఆట సరిగ్గా రాని ఒక ఇంజనీరు. హోవార్డ్ హెడ్ విమానాల కంపెనీలో పనిచేసి, తర్వాత లోహపు పొరలతో మంచు స్కీలు తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు. 1969లో ఆ కంపెనీ అమ్మేసి తీరిగ్గా టెన్నిస్ నేర్చుకోవడానికి దిగాడు. రాలేదు. సాధన కోసం ప్రిన్స్ అనే చిన్న కంపెనీ నుంచి బంతులు విసిరే యంత్రం కొన్నాడు. యంత్రం సరిగా లేదని దాన్ని బాగుచేశాడు, పోనుపోను ఆ కంపెనీకే పెద్ద అయ్యాడు. ఆట మాత్రం అప్పటికీ అంతంతే. బంతి కాస్త పక్కకు తగిలిన ప్రతిసారీ రాకెట్ మెలితిరుగుతోంది. ఎవరైనా అయితే తప్పు తమదే అనుకుంటారు. హెడ్ మాత్రం రాకెట్‌దే అనుకున్నాడు.

మెలి తిరగకుండా ఉండాలంటే బరువు పిడి నుంచి తలదాకా పోయే నడిగీతకు దూరంగా ఉండాలి. ఆ దూరం పెరిగిన కొద్దీ నిలకడ దాని వర్గం లెక్కన పెరుగుతుంది. తల వెడల్పు ఐదో వంతు పెంచితే, అంచుల్లో ఉన్న అదే బరువు మెలిని ఆపే శక్తి 44 శాతం పెరుగుతుంది. ఈ లెక్కతోనే హెడ్ పెద్ద తల రాకెట్ చేశాడు, 1976లో పేటెంటు వచ్చింది. 110 చదరపు అంగుళాల ఆ ప్రిన్స్ రాకెట్‌ను ముసలివాళ్ళ రాకెట్ అని వెక్కిరించినవాళ్ళు లేకపోలేదు. 1978 యూఎస్ ఓపెన్‌లో 16 ఏళ్ళ పామ్ ష్రైవర్ పెద్ద తల రాకెట్‌తోనే సెమీస్‌లో నవ్రతిలోవాను ఓడించి ఫైనల్ ఆడాక ఆ వెక్కిరింత ఆగింది. చెక్క రాకెట్‌తో వింబుల్డన్ పురుషుల సింగిల్స్ చివరిసారిగా గెలిచింది 1981లో మెకన్రో. ఆ తర్వాత అంతా గ్రాఫైట్ రాజ్యం. ఈ రోజు అగ్రశ్రేణి వాళ్ళ చేతుల్లో ఉన్న 98, 100 అంగుళాల రాకెట్లు ఒకప్పటి లెక్కలో పెద్దవే. అంటే కొత్తవాడి కోసం పుట్టిన మార్పు పైదాకా పాకింది. మామూలుగా ఇలాంటివి పైనుంచి కిందికి వస్తాయి.

అక్కడి నుంచి సలహాలు రెండు దారులు పట్టాయి. ఒకటి కంపెనీల దారి. కొత్తవాడికి చేతిలో ఊపు ఉండదు కాబట్టి రాకెట్టే బంతిని కొట్టిపెట్టాలి అంటుంది. పెద్ద తల, గట్టి ఫ్రేము, తక్కువ బరువు, ఆ ఉన్న కాస్త బరువూ తల వైపే. దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ టైటానియం ఎస్6. 115 చదరపు అంగుళాల తల, తీగలతో కలిపి 250 గ్రాములు, మామూలు 27 అంగుళాల కన్నా ముప్పావు అంగుళం ఎక్కువ పొడవు. 1990ల్లో వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా అమ్ముడుపోతూనే ఉంది. అమ్మేది హోవార్డ్ హెడ్ పేరున్న కంపెనీయే. ఆయన మాత్రం పెద్ద రాకెట్ చేసింది ప్రిన్స్‌లో!

రెండోది పాత కోచ్‌ల దారి. రాకెట్ బంతిని కొట్టిపెడుతుంటే పిల్లవాడు కొట్టడం ఎప్పుడు నేర్చుకుంటాడు అంటారు వీళ్ళు. ఎలాగూ రెండేళ్ళకు కావాల్సిందే కదా, ఇప్పుడే ఆటగాళ్ళ రాకెట్ కొనమంటారు: 97–98 అంగుళాలు, తీగలు లేకుండానే 305–315 గ్రాములు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. పెద్ద తల, గట్టి ఫ్రేము ఉన్న తేలిక రాకెట్‌తో బంతిని తగిలిస్తే చాలు అవతలి గీత దాటిపోతుంది. దాంతో ఆడేవాడు పూర్తిగా ఊపడం మానేస్తాడు. భయం భయంగా చెయ్యి కుదించుకుంటాడు. ఏడాది తర్వాత చూస్తే అక్కడే ఉంటాడు.

బరువు రాకెట్ ఇస్తే వచ్చే ఫలితమూ అదే, కారణం వేరు. మొదటి పది నిమిషాలు బాగుంటుంది. అరగంటకు భుజం బరువెక్కుతుంది, రాకెట్ ఆలస్యంగా వస్తుంది, బంతి ఒంటికి వెనక తగులుతుంది. ఇక ఊపడం పోయి నెట్టడం మొదలవుతుంది. రెండు దారులూ పోయి కుదించిన ఊపు దగ్గరే కలుస్తున్నాయి. అందుకే నేను ఈ రెండిట్లో ఏ పక్షమూ కాదు.

తేలిక రాకెట్‌కు ఇంకో లోపం ఉంది, అది దుకాణంలో తెలియదు. గాలిలో నాలుగుసార్లు ఊపి చూస్తే హాయిగానే ఉంటుంది. కోర్టులో ఎదురొచ్చేది 56 నుంచి 59 గ్రాముల బంతి. అది తీగల మీద ఉండేది సెకనులో దాదాపు 200వ వంతు. ఆ కాస్త సేపట్లో బంతి తోపుకు ఎదురు నిలిచేది రాకెట్ బరువే కానీ పిడికిలి బలం కాదు. చేతికి కబురు అందేసరికి బంతి వెళ్ళిపోయి ఉంటుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ హోవార్డ్ బ్రోడీ 1979 నుంచీ, సిడ్నీలో రాడ్ క్రాస్ ఆ తర్వాతా ఇలాంటివి ఓపిగ్గా కొలిచి రాశారు. పిడిని బిగించి పట్టుకుంటే షాట్ గట్టిగా వస్తుందన్న నమ్మకానికి వాళ్ళ లెక్కల్లో ఊతం దొరకదు. బంతి మధ్యలో తగిలితే, పట్టు వదులైనా బిగువైనా దాని వేగం ఇంచుమించు ఒకటే. బిగించి పట్టినందుకు మిగిలేది ముంజేతి నొప్పి. రాకెట్ మరీ తేలికైతే బంతికి అది వెనక్కి తన్నుతుంది, ఆ తన్ను మణికట్టు మీదుగా మోచేతికి పోతుంది.

మన ఊళ్ళలో దీనికి ఇంకో కోణం ఉంది. హైదరాబాద్, గుంటూరు, విశాఖల్లో పెద్దయ్యాక టెన్నిస్‌కు వచ్చేవాళ్ళలో చాలామంది షటిల్ ఆడి వచ్చినవాళ్ళే. షటిల్ బ్యాట్ 80–90 గ్రాములు. దాని ఆటంతా మణికట్టులో ఉంటుంది. ఆ చేతికి 250 గ్రాముల టెన్నిస్ రాకెట్ ఇస్తే మణికట్టు తన పాత పని తాను మొదలుపెడుతుంది. 285 గ్రాములది ఇస్తే అది మొరాయిస్తుంది, భుజమూ నడుమూ కదలక తప్పదు. షటిల్ నుంచి వచ్చినవాళ్ళకు తేలిక రాకెట్ అలవాటుగా ఉంటుందని సలహా ఇచ్చేవాళ్ళను చూస్తుంటాను. నా ఉద్దేశంలో సరిగ్గా వాళ్ళకే అది పనికిరాదు.

బరువు ఎంత అన్నదాంతో పాటు ఎక్కడుంది అన్నదీ చూడాలి. రాకెట్‌ను చూపుడు వేలు మీద అడ్డంగా నిలబెట్టండి. అది నిలిచిన చోటు పిడి అడుగు నుంచి 34.3 సెంటీమీటర్లయితే బరువు సమంగా ఉన్నట్టు, తక్కువైతే పిడి వైపు మొగ్గినట్టు. 32–33 దగ్గర నిలిచేది కొత్తవాడికి బాగుంటుంది, నెట్ దగ్గర చురుగ్గా తిరుగుతుంది. ఊపేటప్పుడు తెలిసే బరువును స్వింగ్ వెయిట్ అంటారు. అది రాకెట్ మీద రాయరు, కంపెనీల వివరాల్లోనో పరీక్షలు చేసేవాళ్ళ పట్టికల్లోనో దొరుకుతుంది. 290–310 మధ్య ఉంటే ఇబ్బంది లేదు. తూకంలో ఒక మెలిక గుర్తుంచుకోవాలి. మన దగ్గర, యూరప్‌లో రాకెట్ మీద వేసేది తీగలు లేని బరువు. అమెరికా అమ్మకందార్లు చాలామంది తీగలతో కలిపి చెబుతారు. తీగలకు 15 నుంచి 18 గ్రాములు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "అన్నయ్యా, 300 గ్రాములది కొన్నాను, బాగుంది" అని చెబితే ఇక్కడ వెతకాల్సింది 285 గ్రాములది.

ఇక తలకు 100 నుంచి 105 చదరపు అంగుళాలు, బరువుకు తీగలు లేకుండా 270 నుంచి 290 గ్రాములు, పొడవుకు 27 అంగుళాలు, నిలువు అడ్డం తీగలు 16×19. నేను చెప్పే మధ్యదారి ఇది. బాబొలా కంపెనీ 1994లో తెచ్చిన ప్యూర్ డ్రైవ్, 100 అంగుళాలు, 300 గ్రాముల కొలతలతో వచ్చి ఒక పెద్ద తరగతికే నమూనా అయ్యింది. అదే అచ్చులో పది నుంచి ముప్పై గ్రాములు తగ్గించిన "టీమ్", "లైట్", "ఎల్" రకాలు ఇప్పుడు ప్రతి కంపెనీ దగ్గరా ఉన్నాయి. కొత్తవాళ్ళకు కావలసింది అవి. ఒళ్ళు గట్టిగా ఉండి, ఇప్పటికే ఏదో ఒక ఆట ఆడుతున్న పాతికేళ్ళ కుర్రాడు 300కు వెళ్ళొచ్చు. యాభై దాటి మొదలుపెట్టేవాళ్ళు 260–270 గ్రాములు, 105 పైన తల చూసుకోవచ్చు. అనుమానం వస్తే తేలికదే మేలు. సీసం పట్టీ అంటించి నాలుగు గ్రాములు కలపడం నిమిషం పని, ఉన్నదాన్ని తీయడం ఎవరి వల్లా కాదు.

పొడవు జోలికి పోవద్దు. నిబంధనల ప్రకారం 29 అంగుళాల దాకా ఉండొచ్చు. 1990ల్లో మైకేల్ చాంగ్ 28 అంగుళాల రాకెట్‌తో ఆడి తన సర్వీస్‌కు బలం తెచ్చుకున్నాడు. కొత్తవాడికి అర అంగుళం పొడవు పెరిగినా బంతికీ చేతికీ మధ్య అంచనా తప్పుతుంది.

మోచేతి సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. టెన్నిస్ ఎల్బో అన్న మాట మన ఇళ్ళలో టెన్నిస్ ద్వారా రాలేదు. 2004లో సచిన్‌కు వచ్చింది కాబట్టి తెలిసింది. మోచేతి బయటి ఎముక దగ్గర, మణికట్టును పైకి లేపే కండరాల స్నాయువు అతుక్కునే చోట వచ్చే బాధ అది. కొత్తవాళ్ళలో ప్రధాన కారణం ఆలస్యంగా, మోచేయి ముందుకు తోసి కొట్టే బ్యాక్‌హ్యాండ్. అది కోచ్ సరిదిద్దాలి. రాకెట్ చేసే చెరుపు రెండు రకాలు: మరీ తేలికగా ఉండటం, మరీ బిరుసుగా ఉండటం. బిరుసును ఆర్ఏ అనే అంకెతో చెబుతారు. 70 దాటితే బిరుసైనది, 60–66 మధ్యస్థం. ఇదీ రాకెట్ మీద ఉండదు, అడగాలి. 2019లో విల్సన్ తెచ్చిన క్లాష్ దాదాపు 55తో వచ్చి, మెత్తని ఫ్రేముకు కూడా గిరాకీ ఉందని చూపించింది. తీగల మధ్య పెట్టే చిన్న రబ్బరు బిళ్ళ మోచేతిని కాపాడుతుందని చాలామంది నమ్ముతారు. అది తీగల టంగుమనే చప్పుడును ఆపుతుంది, అంతే. ఫ్రేములో పుట్టే వణుకు దానికి అందదు. చప్పుడు నచ్చకపోతే పెట్టుకోండి.

పిడి సైజు. దుకాణంలో చేసే పరీక్ష అందరికీ తెలిసిందే: మామూలుగా పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలకూ అరచేతికీ మధ్య అవతలి చేతి చూపుడు వేలు దూరాలి. డాక్టర్ రాబర్ట్ నిర్షల్ ఇంకో కొలత చెప్పాడు, అరచేతి మధ్య గీత నుంచి ఉంగరపు వేలి కొసదాకా అని. మన మగవాళ్ళలో ఎక్కువమందికి రెండు లేదా మూడు, అంటే నాలుగుంబావు అంగుళాలు, లేదా దానికన్నా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ చుట్టుకొలత. ఆడవాళ్ళకు ఒకటి, రెండు. పిడి సైజు తప్పితే టెన్నిస్ ఎల్బో ఖాయమని చాలాకాలం భయపెట్టారు. 2006లో అమెరికాలో 16 మంది కాలేజీ ఆటగాళ్ళ ముంజేతి కండరాలకు ఎలక్ట్రోడు తీగలు తగిలించి, సరైన పిడితోనూ, పావు అంగుళం పెద్దదానితోనూ, పావు అంగుళం చిన్నదానితోనూ బ్యాక్‌హ్యాండ్ కొట్టించి చూశారు. కండరాల పనిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వాళ్ళు ఆట వచ్చినవాళ్ళు, నొప్పి లేనివాళ్ళు. కొత్తవాళ్ళకు అది యథాతథంగా వర్తిస్తుందని నేను అనను. కానీ సగం సైజు కోసం నచ్చిన రాకెట్ వదిలేసుకోనక్కర్లేదని మాత్రం అర్థమవుతుంది. రెండింటి మధ్య పడితే చిన్నదే కొనాలి. పైన ఓవర్‌గ్రిప్ చుడితే సగం సైజు పెరుగుతుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో ఓవర్‌గ్రిప్ లేకుండా ఎలాగూ ఆడలేరు, అరగంటకే పిడి జారిపోతుంది. నాలుగైదు ఆటలకోసారి అది మార్చాలి. చెమటకు నున్నబడిన గ్రిప్పే చెయ్యి బిగించి పట్టుకునేలా చేస్తుంది.

ఇప్పుడు తీగలు. బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గచ్చు మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలని నిబంధన. అంటే నేలను తాకిన బంతి నలిగి, తన శక్తిలో సగానికి కాస్త తక్కువ పోగొట్టుకుంటుంది. తీగలు అలా కాదు, తీసుకున్న దాంట్లో నూటికి తొంభై పైనే తిరిగి ఇచ్చేస్తాయి. అందువల్ల తీగలు వదులుగా ఉంటే అవే ఎక్కువ సాగి, బంతి తక్కువ నలిగి, షాట్ బలంగా పోతుంది. చేతికీ మెత్తగా ఉంటుంది. బ్రోడీ దీన్ని ఎన్నిసార్లు వివరించినా "గట్టిగా బిగించండి, పవర్ వస్తుంది" అని గట్టింగ్ దగ్గర, అంటే తీగలు వేసేచోట, చెప్పేవాళ్ళు తగ్గలేదు. కొత్తవాడికి 50–52 పౌండ్లు చాలు.

ఏ తీగ అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పశువుల పేగుతో చేసే నేచురల్ గట్ అన్నిటికన్నా మెత్తన. లియోన్‌కు చెందిన బాబొలా కుటుంబం 1875 నుంచి దాన్ని చేస్తోంది. ధర చూస్తే కొత్తవాడు ఆ వైపు తిరగడు, తిరగనక్కర్లేదు కూడా. నైలాన్ తీగను సింథటిక్ గట్ అంటారు. సన్నటి పోగులు వందల్లో పెనవేసి చేస్తే మల్టీఫిలమెంట్. ఈ రెండూ మనకు సరిపోతాయి. మూడోది పాలియెస్టర్. 1997లో 66వ ర్యాంకులో ఉన్న గుస్తావో కుయెర్టెన్ లక్సిలాన్ పాలియెస్టర్ తీగలతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ఆట రూపే మారింది. పూర్తి బలంతో ఊపినా బంతి గీతలోపలే పడేలా అది స్పిన్ ఇస్తుంది. ఆ మాట వెనక షరతు ఉంది: పూర్తి బలంతో ఊపగలగాలి. ఊపలేని చేతిలో అది బిరుసు తీగ, అంతే. పైగా కొద్ది వారాల్లోనే బిగువు కోల్పోయి చచ్చిపోతుంది, తెగదు మాత్రం. చచ్చిన తీగతో ఏడాది ఆడేవాళ్ళు కోకొల్లలు. కోచింగ్ క్యాంపుల్లో పన్నెండేళ్ళ పిల్లల రాకెట్లకు తెగకుండా ఉంటుందని పాలియెస్టర్ వేయించే తల్లిదండ్రులు మిగిల్చుకునే డబ్బు ఫిజియోథెరపీ ముందు ఎంత?

గట్టింగ్ చేసేవాడి దగ్గర ఒక్కసారి నిలబడి చూడటం మంచిది. రాకెట్‌ను యంత్రం మీద పడుకోబెట్టి ఆరు చోట్ల బిగిస్తాడు. పన్నెండు మీటర్ల తీగలో ముందు నిలువువి, మధ్య నుంచి అంచులకు, అటొకటి ఇటొకటిగా లాగుతాడు. ఒక పక్కే లాగితే ఫ్రేము వంకరపోతుంది. తర్వాత అడ్డం తీగ ఒక నిలువు కింద, ఒక నిలువు మీద వేలితో తోస్తూ అల్లుతాడు. ప్రతి వరసనూ లాగే ముందు చెయ్యి అడ్డం పెట్టి తిన్నగా సర్దుతాడు. అరగంట, ముప్పావు గంట పని. అతన్ని అడగాల్సినవి రెండే: ఏ తీగ, ఎన్ని పౌండ్లు. చెప్పలేకపోతే ఇంకొకరిని చూసుకోవాలి. నైలాన్ తీగా కూలీ కలిపి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. వారానికి ఎన్నిసార్లు ఆడతామో ఏడాదికి అన్నిసార్లు గట్టింగ్ అని ఒక పాత లెక్క ఉంది. కొత్తవాడికి అందులో సగమైనా చాలు. మే నెలలో రాకెట్‌ను కారు డిక్కీలో వదిలేయడం మాత్రం మానుకోవాలి, ఆ వేడికి తీగల బిగువు నీరుగారిపోతుంది.

పిల్లల విషయంలో ప్రశ్నే మారిపోతుంది. స్కూల్ యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు, "రెండేళ్ళు వస్తుంది" అని ఏడేళ్ళ పిల్లకు 26 అంగుళాల రాకెట్ కొనే నాన్నలు ప్రతి కోర్టు దగ్గరా కనిపిస్తారు. ఆ పిల్ల పిడిని అడుగున పట్టుకోలేక మెడ దగ్గర పట్టుకుంటుంది, తప్పుడు పట్టు చేతికి అంటుకుపోతుంది. సుమారుగా ఐదారేళ్ళకు 21, ఏడెనిమిదికి 23, తొమ్మిది పదికి 25, పన్నెండు లోపు 26. వయసు కన్నా ఎత్తు నమ్మకం. నిలబడి చెయ్యి కిందికి వదిలితే రాకెట్ కొస నేలను అప్పుడే తాకీ తాకనట్టు ఉండాలి. ఇరవై ఐదు లోపు సైజులన్నీ అల్యూమినియంవి కొన్నా నష్టం లేదు. ఏడాదిన్నరలో పొట్టివైపోయే వాటికి గ్రాఫైట్ ఎందుకు?

పిల్లలకు రాకెట్ కన్నా బంతి ముఖ్యం. మామూలు పచ్చబంతి ఏడేళ్ళ పిల్లకు తలమీదుగా లేస్తుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి పదేళ్ళ లోపు పోటీల్లో ఆ బంతిని నిషేధించింది. ఎర్ర బంతి 75 శాతం నెమ్మది, ఆరెంజ్ 50, ఆకుపచ్చ చుక్కది 25. ఎర్ర బంతికి కోర్టు కూడా 11 మీటర్లే. మన దగ్గర చాలా క్యాంపుల్లో ఇప్పటికీ వాడేసిన పాత పచ్చబంతుల బుట్టే దిక్కు. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి నాదల్ ఫౌండేషన్ 2010లో పెట్టిన బడిలో పేద పిల్లలు ఉచితంగా టెన్నిస్ నేర్చుకుంటున్నారు. అలాంటి చోట రాకెట్ అందరిదీ, చేతికి వచ్చిన సైజు చూసి తీసుకుంటారు. ఇంట్లో కొనిపెట్టే పిల్లలకే ఈ పెద్ద సైజు బాధ. చేర్చబోయే క్యాంపులో ఎర్ర బంతులు ఉన్నాయా అని అడగడం, ఏ బ్రాండ్ రాకెట్ అని అడగడం కన్నా పనికొచ్చే ప్రశ్న.

ధరల సంగతి పొడిగా చెబుతాను. వెయ్యి నుంచి రెండున్నర వేల లోపు దొరికే పెద్దవాళ్ళ రాకెట్ అల్యూమినియంది. మెడ దగ్గర ఫ్రేముకు అతుకు వేరే ముక్కగా కనిపిస్తుంది. ఆట నచ్చుతుందో లేదో చూసుకోవడానికి నెల రోజులు అది చాలు, ఆ తర్వాత వారానికి మూడు రోజులు ఆడితే చేతికి తెలుస్తుంది. మధ్యలో గ్రాఫైట్ కాంపోజిట్ అని అమ్మేవి ఉన్నాయి. అందులో కొన్ని నిజంగానే బాగుంటాయి, కొన్నింట్లో గ్రాఫైట్ పెయింటులోనే ఉంటుంది. పూర్తి గ్రాఫైట్ మంచివి ఏడెనిమిది వేల నుంచి మొదలై ఇరవై దాటిపోతాయి. పాతిక వేలది కొత్తవాడికి పదివేలదాని కన్నా మంచిది కాదు, చాలాసార్లు చెడ్డది కూడా, ఎందుకంటే అది ఇంకొకరి ఊపు కోసం చేసింది. పదివేలు ఉంటే ఎనిమిది ఫ్రేముకు పెట్టి, మిగిలింది తీగలకూ ఓవర్‌గ్రిప్పులకూ ఉంచుకోవాలి. రెండేళ్ళ కిందటి మోడల్ వాడినది దొరికితే ఇంకా నయం. తీసుకునే ముందు తల అంచు మీద వేలు పెట్టి చుట్టూ తడిమి చూడాలి. పెయింటు గీతలు ఎన్నున్నా ఫరవాలేదు, గోరు దిగే పగులు ఒక్కటున్నా వద్దు.

పెద్ద ఆటగాళ్ళ రాకెట్ కొనాలన్న మోజు గురించి ఒక మాట. పైస్థాయి వాళ్ళలో చాలామంది చేతిలో ఉండేది దుకాణంలోది కాదు. ఏళ్ళ కిందటి పాత అచ్చుకే కొత్త మోడల్ రంగులు పూసి ఇస్తారు, సీసం కలిపి బరువు పెంచుతారు. సాంప్రాస్ 85 అంగుళాల తలతో చరిత్ర సృష్టించాడు కానీ ఫెడరర్ అంతటివాడు 2014కు 90 నుంచి 97కు మారాడు. అగస్సీ 107తో ఆడాడు, సెరీనా 104తో. పెద్ద తల రాకెట్ పట్టుకుంటే చిన్నతనం అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలు చూసుకోవచ్చు.

కొన్న రాకెట్‌ను ఎప్పుడు మార్చాలన్నది కూడా తీగలనే అడగాలి. సాధారణంగా కొత్తవాడు మూడు నాలుగేళ్ళు ఒకే ఫ్రేముతో ఆడొచ్చు. మొదటిసారి తీగ తెగినప్పుడు పారేయకుండా, ఎక్కడ తెగిందో చూడాలి. అంచుల దగ్గర, ఫ్రేమును ఆనుకుని తెగితే బంతి ఇంకా పక్కలకే తగులుతోందన్నమాట, ఆ పెద్ద తల ఇంకొంతకాలం కావాలి. నడిమధ్య, అడ్డమూ నిలువూ రాసుకుని గాడిపడిన చోట తెగితే ఊపు కుదిరినట్టు. పాలియెస్టర్ గురించీ, 98 అంగుళాల రాకెట్ గురించీ గట్టింగ్ అతనితో మాట్లాడాల్సింది ఆ రోజున.